ఉప్పుబోరు నీరు, అయస్కాంతం, టమోటా ఎరుపు

అనంతపురం శివారులోని కక్కలపల్లి టమోటా మార్కెట్‌లో బాక్సు ధరను తేల్చేవి కాయ సైజు, రంగు, గట్టిదనం. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ ఎంతుందని, విటమిన్ సి ఎంతుందని అడిగి వేలం పాట పాడే వ్యాపారి ఉండడు. అయినా బోరు పైపుకు బిగించే అయస్కాంత పరికరాల ప్రచారంలో, దిగుబడి పెరుగుతుంది, నీరు ఆదా అవుతుంది అనే రెండు పాత మాటల పక్కన, పండులో లైకోపీన్, విటమిన్ సి వంటి యాంటీఆక్సిడెంట్లు పెరుగుతాయనే మూడో మాట కూడా వచ్చి చేరింది. మొదటి రెండింటినీ రైతు కాటా మీద, మోటారు ఆడిన గంటల్లో చూసుకోగలడు. మూడోది ప్రయోగశాలలో తప్ప తేలదు. కంటికి కనపడని లాభాన్ని నమ్మించడం సులువు కనుక ఆ మూడో మాటనే నిదానంగా విప్పి చూడవలసి ఉంది. అది నిజమా అబద్ధమా అనే ప్రశ్నకు ముందు ఇంకొకటి ఉంది: యాంటీఆక్సిడెంట్లు నిజంగానే పెరిగితే, ఆ పెరుగుదల మొక్క బాగుందని చెబుతోందా, మొక్క కష్టంలో ఉందని చెబుతోందా?

ముందుగా నీటి సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో టమోటా సాగు అంటే చాలావరకు బోరు మీద సాగే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్పు పైపులు ఎర్రనేలల్లో బాగా పరచుకున్నాయి. బోర్లు లోతుకు పోయిన కొద్దీ నీటిలో కరిగిన లవణాలు ఎక్కువగా కనిపించే చోట్లు అనేకం. ఆ నీరు పారిన లేటరల్ పైపుల్లో (సాళ్ల వెంట పరిచే సన్న పైపుల్లో), డ్రిప్పర్ల నోటి దగ్గర తెల్లటి సున్నపు పెచ్చు కట్టడం, సాలులో ఒక మొక్కకు నీరు అంది పక్క మొక్కకు అందకపోవడం, ఆ పెచ్చు కరిగించడానికి యాసిడ్ వదలడం డ్రిప్పు రైతుకు కొత్త కాదు. అయస్కాంత పరికరం ఈ ప్రాంతానికి రావడానికి దారి చూపింది ఆ పెచ్చే.

నిజానికి ఈ పరికరం పొలం కోసం పుట్టింది కాదు. బాయిలర్లలో సున్నపు పెచ్చు కట్టకుండా చూడటానికి బెల్జియం దేశస్థుడు థియో వెర్‌మీరెన్ 1945లో దీనికి పేటెంటు పొందాడు. తర్వాత ఎనిమిది దశాబ్దాలుగా అదే సూత్రం రకరకాల రూపాల్లో తిరుగుతోంది. 1980ల తొలినాళ్లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చి, చేతిలో ఇమిడేంత ముక్కతోనే గట్టి క్షేత్రం సాధ్యమయ్యాక, పైపు చుట్టూ బిగించే తేలికపాటి పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. నీటికీ అయస్కాంతానికీ మధ్య ఏమీ తగలదు, కరెంటు అక్కరలేదు, మందు పోయనక్కరలేదు. అమ్మేవాడికి అంతకంటే అనుకూలమైన సరుకు లేదు.

అయితే అయస్కాంతం నీటిని ఏం చేయగలదు? నీరు ఇనుములా అయస్కాంతానికి అంటుకునే పదార్థం కాదు. అయస్కాంతం దాన్ని అతి స్వల్పంగా వెనక్కి నెడుతుంది. ఆ ప్రభావం ఎంత చిన్నదంటే, దాన్ని చెప్పే అంకె పది లక్షలకు తొమ్మిది వంతుల పాటి ఉంటుంది. నీటి అణువులు గుంపులుగా ఉంటాయని, అయస్కాంతం ఆ గుంపులను చిన్నవిగా చీలుస్తుందని, చిన్న గుంపులు వేళ్లలోకి సులువుగా దూరుతాయని ఒక వివరణ తరచూ వినిపిస్తుంది. ఇది నిలబడే మాట కాదు. ద్రవరూపంలోని నీటిలో అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు పాటి కాలంలో తెగుతూ, కొత్తగా కలుస్తూ ఉంటాయి. పది సెంటీమీటర్ల పొడవున్న పరికరంలో నుంచి సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు పోతే అది అయస్కాంతం ఎదుట ఉండేది సెకనులో పదో వంతు. ఆ తర్వాత అది ఫిల్టరు దాటి, మెయిన్ పైపు దాటి, లేటరల్‌లో నిమిషాల తరబడి పాకి, డ్రిప్పరులో నుంచి కారి, మట్టిలో ఇంకి, వేరు దగ్గరికి చేరేసరికి గంటలో రోజులో పడతాయి. లక్ష కోట్లవ వంతు సెకనులో చెదిరిపోయే అమరిక అంత దూరం నడిచి వస్తుందని నమ్మడానికి భౌతికశాస్త్రంలో ఆధారం లేదు.

కదిలే నీటిలోని అయాన్లపై పడే బలం ద్వారా ఏదో జరుగుతుందనే వాదన దీనికంటే కొంత మర్యాదైనది. కానీ లెక్క వేసి చూస్తే 0.1 టెస్లా క్షేత్రంలో సెకనుకు మీటరు వేగంతో పోయే నీటిలో పుట్టే విద్యుత్ క్షేత్రం మీటరుకు 0.1 వోల్టు మాత్రమే. జీవకణపు పొరకు అటూ ఇటూ సహజంగా ఉండే క్షేత్రం మీటరుకు దాదాపు కోటి వోల్టులు.

ఇంతవరకు వాదన అంతా పరికరానికి వ్యతిరేకంగానే సాగింది గాని, నిజాయితీగా చెప్పవలసిన రెండో వైపు కూడా ఉంది. నీటికి కాకపోయినా నీటిలోని కాల్షియం కార్బొనేటుకు అయస్కాంతం వల్ల తేడా వస్తుందని కొన్ని ప్రయోగాలు చూపాయి. ఈ పదార్థం కాల్సైట్ అనే గట్టి రూపంలోనూ, అరగొనైట్ అనే సూదుల వంటి రూపంలోనూ స్ఫటికమవుతుంది. మొదటిది పైపు గోడకు గట్టిగా పట్టుకుంటుంది. రెండోది అంతగా పట్టుకోదు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీకి చెందిన కోయ్, కాస్ 2000లో ప్రచురించిన పరిశోధనలో, అయస్కాంత క్షేత్రం గుండా పారిన నీటిని తర్వాత కాచినప్పుడు అరగొనైట్ వాటా పెరిగినట్టు, ఆ ప్రభావం 200 గంటలు దాటాక కూడా మిగిలి ఉన్నట్టు నివేదించారు. నీటి అణువులకు జ్ఞాపకం ఉండకపోయినా, నీటిలో తేలే అతి సూక్ష్మమైన కార్బొనేటు రేణువులకు ఉండే అవకాశం ఉందన్నమాట. ఎందుకు అలా జరుగుతుందో ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న వివరణ లేదు; మళ్లీ మళ్లీ చేసిన పరీక్షల్లో ఒకచోట ఫలితం వస్తే ఇంకోచోట రావడం లేదు.

ఈ సంగతి అనంతపురం రైతుకు ఒక ముఖ్యమైన తేడాను గుర్తు చేస్తుంది. ఇక్కడి బోర్ల నీరంతా ఒక జాతిది కాదు. కాల్షియం ఎక్కువగా ఉండి పెచ్చు కట్టే నీరు ఒక రకం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటాయి. ఇది రెండో రకం. మొదటి రకానికి కార్బొనేటు స్ఫటికాల వాదన ఎంతో కొంత వర్తించవచ్చు గాని, రెండో రకం నీటిలో ఆ వాదనకు పట్టు దొరకడం కష్టం. అక్కడ నేలను చౌడు పట్టించేది సోడియం. దాన్ని ఏ అయస్కాంతమూ నీటిలో నుంచి తీసివేయదు. పరికరం ముందు పట్టిన నీటి ఈసీ (కరిగిన లవణాలను తెలిపే విద్యుత్ వాహకత) ఎంతో, వెనుక పట్టిన నీటి ఈసీ దాదాపు అంతే ఉంటుంది. ఈ పరీక్షకు చేతిలో పట్టే ఈసీ మీటరు చాలు. ‘ఉప్పునీటిని మంచినీరు చేస్తుంది’ అని రాసిన కరపత్రాన్ని ఆ ఒక్క కొలతతో పక్కన పెట్టవచ్చు.

ఇక టమోటా లోపలికి వెళ్దాం. పండులో 94, 95 శాతం నీరే. మిగిలిన కొద్ది పదార్థంలోనే లైకోపీన్, బీటా కెరోటిన్, విటమిన్ సి, విటమిన్ ఇ, తొక్కలో ఎక్కువగా ఉండే ఫినాలిక్ పదార్థాలు సర్దుకుని ఉంటాయి. వంద గ్రాముల తాజా పండులో లైకోపీన్ సుమారు రెండున్నర మిల్లీగ్రాములు, విటమిన్ సి సుమారు 14 మిల్లీగ్రాములు అని సాధారణంగా చెప్పే అంకెలు. రకాన్నిబట్టి, కాలాన్నిబట్టి ఇవి చాలా మారతాయి. మొక్క వీటిని మన ఆరోగ్యం కోసం తయారు చేయదు. ఎండ మండినప్పుడు, నీరు చాలనప్పుడు, ఉప్పు ఎక్కువైనప్పుడు ఆకుల్లో సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి దూకుడు గల ఆక్సిజన్ రూపాలు పుడతాయి. వాటిని చల్లార్చడానికి మొక్క ఎంజైములను, ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, ఫినాలిక్‌లను పురమాయిస్తుంది. జ్వరం వస్తే ఒళ్లు కాలినట్టే ఇది కూడా. ఒళ్లు కాలడం శరీరం పోరాడుతోందనడానికి గుర్తు. ఆరోగ్యం పెరిగిందనడానికి గుర్తు కాదు.

ఇక్కడే ప్రచారంలోని రెండు మాటలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. టమోటా ఉప్పును ఒక మోస్తరుగా తట్టుకునే పంట. వేరు దగ్గరి నేల సంతృప్త సారంలో (మట్టిని నీటితో పూర్తిగా తడిపి తీసిన నీటిలో) ఈసీ మీటరుకు 2.5 డెసీసీమెన్లు దాటాక, ప్రతి ఒక డెసీసీమెన్‌కు దిగుబడి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుందని దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ప్రామాణిక లెక్క. అదే సమయంలో, ఉప్పు ఒక హద్దు లోపల పెరిగితే పండు చిన్నదై, అందులోని చక్కెరలు, ఆమ్లాలు చిక్కబడతాయి. చాలా రకాల్లో లైకోపీన్, విటమిన్ సి గాఢత కూడా పెరుగుతుంది. నీటిని కొంచెం కుదించి పారించినా ఇదే ధోరణి కనిపిస్తుంది. ఉప్పునేల టమోటా రుచి ఎక్కువని తిన్నవారు అనడంలో ఉన్న నిజం ఇదే. మరి అయస్కాంతం ఉప్పు బాధను తగ్గించి దిగుబడిని పెంచేదే అయితే, బాధ తగ్గిన మొక్క పండులో యాంటీఆక్సిడెంట్ల గాఢత తగ్గాలి, కనీసం ఉన్నచోటే ఉండాలి. రెండూ ఒకేసారి పెరిగాయని చెప్పేవారు ఆ చిక్కును విప్పి చూపాలి. విప్పడం అసాధ్యం కాదు: ఆకులు బాగా పెరిగి పిండిపదార్థం ఎక్కువగా తయారైతే పండుకు ముడిసరుకు ఎక్కువగా అందవచ్చు. కానీ కరపత్రాల్లో ఆ చిక్కు ఉన్నట్టే కనిపించదు.

ఈ గాఢత అనే మాట ఎంత మోసం చేయగలదో చిన్న లెక్కతో చూడవచ్చు. వంద గ్రాముల పండులో 95 శాతం నీరు, 5 గ్రాముల ఘనపదార్థం ఉన్నాయనుకుందాం. నీరు కొద్దిగా తగ్గి 94 శాతం అయితే ఘనపదార్థం 6 శాతం అవుతుంది. కొత్తగా ఒక్క మైక్రోగ్రాము లైకోపీన్ కూడా తయారు కాకుండానే, పచ్చి బరువు (నీటితో కలిపిన బరువు) లెక్కన దాని గాఢత 20 శాతం పెరిగినట్టు ప్రయోగశాల కాగితంలో కనిపిస్తుంది. పండు బరువు మాత్రం 100 గ్రాముల నుంచి సుమారు 83 గ్రాములకు పడిపోతుంది. బాక్సు బరువు మీద బతికే రైతుకు అది నష్టం. కాగితం మీద మాత్రం అది ‘పోషక విలువ పెరుగుదల’. అందుకే ఈ విషయంపై ఏ ఫలితం చూసినా, అది పచ్చి బరువు లెక్కనా ఎండు బరువు లెక్కనా, పండు సగటు బరువు ఎంత, మొక్కకు మొత్తం ఎన్ని కిలోలు అనే మూడు ప్రశ్నలు ముందు అడగాలి.

నాలుగో ప్రశ్న పండు వయసు. పచ్చికాయ రంగు తిరగడం మొదలైనప్పటి నుంచి పూర్తిగా ఎర్రబడే వరకు గడిచే కొద్ది రోజుల్లోనే లైకోపీన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక మడిలో పండ్లను రెండు రోజులు ముందు, పక్క మడిలో రెండు రోజులు తర్వాత కోస్తే వచ్చే తేడా, ఏ నీటి తేడా కంటైనా పెద్దదిగా ఉండగలదు. వేడి కూడా అంతే. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి పోయే కొద్దీ లైకోపీన్ తయారీ మందగిస్తుంది. బీటా కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు తాకే కళ్యాణదుర్గం, పత్తికొండ పొలాల్లో ఆకు నీడ లేని పండు ఎరుపుకు బదులు పసుపు నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే. అక్కడ ఆకుదట్టం కాపాడిన పండుకూ, ఎండకు బట్టబయలైన పండుకూ లైకోపీన్‌లో ఉండే తేడా ముందు అయస్కాంతపు తేడాను వెతికి పట్టుకోవడానికి చాలా ఓపికైన ప్రయోగం కావాలి.

కొలిచే పద్ధతులు కూడా ఒకటి కావు. యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలిచే డీపీపీహెచ్, ఫ్రాప్ వంటి పరీక్షలు పండు రసం గాజు గొట్టంలో ఒక రసాయనంతో ఎలా చర్య జరుపుతుందో చెబుతాయి. లైకోపీన్‌ను విడిగా కొలవడం వేరు. నూనెలో కరిగే లైకోపీన్, నీటితో తీసిన రసంలోకి పెద్దగా రానే రాదు. ఇటువంటి పరీక్షల అంకెలు మనిషి ఒంట్లో జరిగేదానికి అద్దం పట్టవన్న కారణంతోనే అమెరికా వ్యవసాయ శాఖ తాను నిర్వహించిన ఓఆర్‌ఏసీ అనే యాంటీఆక్సిడెంట్ అంకెల పట్టికను 2012లో ఉపసంహరించుకుంది. ‘మొత్తం యాంటీఆక్సిడెంట్ శక్తి ఇంత శాతం పెరిగింది’ అనే వాక్యాన్ని ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి.

ప్రచురితమైన పరిశోధనల్లో జాగ్రత్తగా చేసినవి లేకపోలేదు. ఆస్ట్రేలియాలో మహేశ్వరి, గ్రెవాల్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో సెలెరీ (కాడల కూర), స్నోపీ (తొక్కతో సహా తినే బఠానీ), మామూలు బఠానీ పంటలపై అయస్కాంతం గుండా పోయిన తాగునీటిని, శుద్ధి చేసిన వాడకపు నీటిని, ఉప్పునీటిని పరీక్షించారు. శుద్ధి చేసిన నీటితో సెలెరీ దిగుబడి 12 శాతం, లీటరుకు 3000 మిల్లీగ్రాముల ఉప్పున్న నీటితో 23 శాతం పెరిగింది. స్నోపీలో పెరుగుదల 6 నుంచి 8 శాతం లోపే. బఠానీలో లాభం కనిపించలేదు. ఒకే పరికరం, ఒకే పరిశోధకులు, పంట మారితే ఫలితం మారింది. సెలెరీలో వచ్చిన ఫలితాన్ని టమోటాకు, అక్కడి గ్రీన్‌హౌస్ కుండీ నుంచి అనంతపురం ఎర్రనేలకు ఎత్తి అతికించడానికి వీల్లేదని ఆ అధ్యయనమే చెప్పకనే చెబుతోంది.

టమోటా పేరుతో తరచూ ఉదహరించే ఇంకొక పరిశోధన క్యూబాలో డి సౌజా బృందం 2006లో ప్రచురించినది. అందులో దిగుబడి పెరిగిన మాట వాస్తవం. అయితే అక్కడ అయస్కాంతం పెట్టింది నీటికి కాదు, విత్తనానికి: 100 మిల్లీటెస్లాల దగ్గర పది నిమిషాలు, 170 మిల్లీటెస్లాల దగ్గర మూడు నిమిషాలు. విత్తనంలో జీవకణం నేరుగా క్షేత్రంలో ఉంటుంది; నీరు క్షేత్రాన్ని దాటి వచ్చాక వేరును చేరుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి చూపడం ప్రచారంలో మామూలైపోయింది. మొక్కలకు అయస్కాంత క్షేత్రం నేరుగా తగలడంపై వచ్చిన ఫలితాలు కూడా అంత స్థిరమైనవి కావు. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో నీలికాంతిని గ్రహించే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ ద్వారా ఈ ప్రభావం కనిపిస్తుందని 2007లో ఒక బృందం ప్రకటించగా, 2009లో ఇంకొక బృందం అదే ప్రయోగాన్ని మరింత కట్టుదిట్టంగా చేసి ఆ ప్రభావం కనిపించలేదని తేల్చింది.

పొలంలో ఒక ఫలితం వచ్చినా దానికి కారణం మొక్కలో కాక పైపులో ఉండవచ్చు. పెచ్చు తగ్గి డ్రిప్పర్లన్నీ సమానంగా కారితే సాలులో చివరి మొక్కకు కూడా నీరు అందుతుంది. దిగుబడి దానంతటదే పెరుగుతుంది. ఆ లాభం నిజమైనదే, కానీ అది యాసిడ్‌తో శుభ్రం చేసిన పైపులతోనూ వచ్చే లాభం. అయస్కాంతం బిగించిన పాదుల పైపులు కొత్తవి, పోలికకు ఉంచిన పాదులవి పాతవి అయితే, ఆ ప్రయోగం పైపుల వయసును కొలిచిందే తప్ప అయస్కాంతాన్ని కాదు.

ఇవన్నీ తప్పించుకోగల ప్రయోగం ఖరీదైనది కాదు, ఓపికైనది. ఒకే బోరు, ఒకే రోజు నాటిన ఒకే రకం నారు. ఉదాహరణకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ తీసుకోవచ్చు. ఒక పెద్ద పరికరం బిగించి ఎకరానికి ఎకరం పోలిస్తే సరిపోదు. ఒక్క పరికరం కింద వెయ్యి మొక్కలున్నా అది లెక్కకు ఒక్కసారి చేసిన పరీక్షే. ఎనిమిదో పదో చిన్న లేటరల్ గుంపులు చేసి, సగానికి అసలు అయస్కాంతం, మిగిలిన సగానికి అదే ఆకారం, అదే బరువు గల మామూలు ఇనుప ముక్క బిగించాలి. ఏది ఎక్కడుందో చీటీ తీసి నిర్ణయించాలి, నీరు పారించేవారికీ, పండు కోసేవారికీ, ప్రయోగశాలలో కొలిచేవారికీ తెలియకూడదు. పైపులన్నీ కొత్తవి కావాలి. ప్రతి డ్రిప్పరు నుంచి గంటకు ఎన్ని లీటర్లు వస్తోందో వారానికోసారి కొలవాలి. పండును రంగు పట్టికతో పోల్చి ఒకే దశలో, తెల్లవారుజామున కోయాలి. రెండో పంటకు పరికరాల స్థానాలు తారుమారు చేసి మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒక మడి మట్టి ఇంకో మడి మట్టి కాదు. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట ఇటువంటి పరీక్షకు కావలసిన నేల, నీరు, ఎండ మూడూ సిద్ధంగానే ఉన్నాయి.

ఆ లోగా నీటి పరీక్ష కాగితంలో చూడవలసిన అంకెలు ఈసీ, ఆర్‌ఎస్‌సీ. శేష సోడియం కార్బొనేటు అని పిలిచే ఆర్‌ఎస్‌సీ లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీటికి జిప్సం వంటి కాల్షియం ఇచ్చే పదార్థమే మందు. ఎండాకాలం పంటలో పండుకు ఆకునీడ నిలిచేలా కొమ్మలు కట్టడం, రంగు తిరిగే దశలో వేడిని తగ్గించే నీడవలలు వేయడం లైకోపీన్‌పై చూపే ప్రభావానికి అయస్కాంతం కంటే గట్టి ఆధారం ఉంది.

తినేవారి వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. ఉడికించని టమోటాలోని లైకోపీన్ కణాల గోడల మధ్య బిగుసుకుని ఉంటుంది. ఉడికించి, నూనెలో మగ్గిస్తే అది విడుదలై ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి మాత్రం ఆ వేడికి కొంత పోతుంది. నూనెలో వేగిన టమోటాను వేరుశనగ గుళ్లతో కలిపి నూరే ఊరుబిండిలో, నీటి పైపుకు అయస్కాంతం ఉన్నా లేకపోయినా, లైకోపీన్ ఒంటికి పట్టే తీరును మార్చేది పొయ్యి మంట, గుళ్లలోని నూనె; పచ్చడి కోసం తొక్క తీసి పారేసిన ఇంట్లో ఫినాలిక్‌లలో చెప్పుకోదగ్గ భాగం ఆ తొక్కతోనే పెంటకుప్పలోకి పోతుంది.